మాకింటోష్ క్లోన్లు

మాకింటోష్ క్లోన్ అనగా ఆపిల్ సంస్థ తయారు చేయకపోయినా ఆ సంస్థ వారి మాకింటోష్ నిర్వహణ వ్యవస్థతో పనిచేసే కంప్యూటరు. నిర్వహణ వ్యవస్థనే వాడుకలో ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఈ క్లోన్లలో మూడు తరాలు కనిపిస్తాయి. 1980లలో కొన్ని చిన్న సంస్థలు అనుమతి లేకుండా చేసిన ప్రయత్నాలు మొదటి తరం. 1995-1997 మధ్య ఆపిల్ స్వయంగా లైసెన్సు ఇచ్చి తయారు చేయించినవి రెండవ తరం. ఆపిల్ 2006లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారిన తరువాత సాధారణ పీసీ విడిభాగాలతో, మళ్ళీ అనుమతి లేకుండానే రూపొందినవి మూడవ తరం. ఈ మూడవ తరంలో ఔత్సాహికులు ఇంట్లో కూర్చుకున్న యంత్రాలకు హాకింటోష్ అని పేరు వచ్చింది.

తక్కువ ధరకు దొరికే క్లోను కొనాలా, ఖరీదెక్కువైనా అసలు తయారీదారు వద్దనే కొనాలా అన్న వాదన ఈ మూడు తరాలలోనూ సాగింది. పైకి ఇది ధరను గురించిన వాదన. కొంచెం లోతుకు వెళితే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కొనుగోలుదారుడు డబ్బు ఇస్తున్నది యంత్రానికా, లేక దానిపై ఒక ప్రోగ్రామును నడుపుకొనే అనుమతికా? రేపు ఆ ప్రోగ్రాము మారితే అతనికి జవాబుదారీ ఎవరు?

క్లోను, నకిలీ, అసెంబుల్డ్ కంప్యూటరు

ఈ మూడు మాటలను వాడుకలో తరచు కలిపివేస్తుంటారు. వేరొకరి పేరు, ముద్ర తగిలించి అమ్మేది నకిలీ. తన సొంత పేరుతోనే అమ్ముడవుతూ వేరొకరి యంత్రం చేసే పనులన్నీ చేసేది క్లోను. మదర్‌బోర్డు, ప్రాసెసరు, హార్డ్ డిస్కు వంటి భాగాలను విడివిడిగా కొని ఒక పెట్టెలో బిగించినది అసెంబుల్డ్ కంప్యూటరు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ ఇటువంటి కూర్పులకు ప్రసిద్ధి చెందాయి. తెలుగునాట ఎందరో విద్యార్థుల ఇళ్ళలోకి మొట్టమొదట వచ్చిన కంప్యూటరు ఇదే. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏమీ లేదు. డబ్బు చెల్లించని విండోస్‌ను అందులో ఎక్కించినచోట తప్పు మొదలవుతుంది. ఆ తప్పు పెట్టెది కాదు, డిస్కుది.

పార్క్‌లేన్‌లో పీసీ కూర్చి అమ్మడం నేరం కానప్పుడు, అదే విధముగా మాకింటోష్‌ను కూర్చి అమ్మడం ఎందుకు నేరమైనదో తెలియాలంటే ఐబీఎం పీసీ కథను కొంత చూడవలసి ఉంటుంది.

ఐబీఎం పీసీ నడిచిన దారి

ఐబీఎం తన పీసీని 1981 ఆగస్టు 12న ప్రకటించింది. త్వరగా మార్కెట్లోకి రావాలన్న తొందరలో దాదాపు అన్ని భాగాలనూ బయటి నుండే కొన్నది. ప్రాసెసరు ఇంటెల్ వారి 8088. నిర్వహణ వ్యవస్థ మైక్రోసాఫ్ట్‌ది. దానిని ఇతరులకు కూడా అమ్ముకొనే హక్కును మైక్రోసాఫ్ట్ తన వద్దనే ఉంచుకున్నది. ఐబీఎంకు పూర్తిగా సొంతమైనది బయాస్ అనే చిన్న ప్రోగ్రాము ఒక్కటే. మీట నొక్కగానే యంత్రాన్ని మేల్కొలిపి కీబోర్డునూ తెరనూ డిస్కునూ నిర్వహణ వ్యవస్థకు పరిచయం చేసేది ఇదే. బయాస్ పాఠాన్ని ఐబీఎం తన సాంకేతిక గ్రంథంలో అచ్చువేసింది. ఎవరైనా చదువుకోవచ్చు, కానీ కాపీహక్కు ఉన్నందువలన నకలు తీయరాదు.

కంపాక్ సంస్థ ఈ చిక్కును ఓపికతో విప్పింది. ఒక బృందం బయాస్ చేసే పనులను పరిశీలించి, ఏ పిలుపుకు ఏ జవాబు రావాలో వివరంగా వ్రాసింది. అసలు పాఠాన్ని ఎన్నడూ చూడని మరొక బృందం ఆ వివరణను మాత్రమే చేతబట్టుకొని కొత్త బయాస్‌ను వ్రాసింది. దీనిని క్లీన్ రూమ్ పద్ధతి అంటారు. పని ఒకటే, పాఠం వేరు. కనుక కాపీహక్కు అడ్డురాదు. 1983లో అమ్మకానికి వచ్చిన కంపాక్ పోర్టబుల్ మొదటి సంవత్సరంలో 53,000 అమ్ముడై 11 కోట్ల 10 లక్షల డాలర్లు తెచ్చిపెట్టింది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇదే పద్ధతిలో వ్రాసిన బయాస్‌ను ఇతర తయారీదారులకు అమ్మసాగింది. ఆ తరువాత పీసీ తయారీకి ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది.

ఐబీఎంకు కలిగిన ఫలితం మాత్రం చేదుగా ఉన్నది. 1987లో పీఎస్/2 శ్రేణితో పట్టు తిరిగి బిగించాలని చూసి విఫలమై, చివరకు 2005లో పీసీ వ్యాపారాన్నే చైనాకు చెందిన లెనోవోకు అప్పగించింది. ఆపిల్ నాయకత్వం క్లోన్లను చూసి ఎందుకు భయపడినదో ఈ ఉదాహరణ చెప్పకయే చెబుతుంది.

ఫ్రాంక్లిన్ వ్యాజ్యం

మాకింటోష్ పుట్టకముందే ఆపిల్ క్లోన్ల సమస్యను ఎదుర్కొన్నది. ఫ్రాంక్లిన్ కంప్యూటర్ అనే అమెరికా సంస్థ 1982లో ఏస్ 100 అనే యంత్రాన్ని అమ్మింది. ఆపిల్-2 కొరకు వ్రాసిన ప్రోగ్రాములు దానిపై యథాతథంగా నడిచేవి. కారణం సులభమైనదే: ఫ్రాంక్లిన్ ఆపిల్ ప్రోగ్రాములనే నకలు తీసింది. ఆ నకలులో ఆపిల్ ఉద్యోగి అయిన ఒక ప్రోగ్రామరు పేరు కూడా చెరిగిపోకుండా మిగిలి ఉన్నది! ఫ్రాంక్లిన్ ఈ విషయాన్ని కాదనలేదు. చిప్‌లో ఉండే ప్రోగ్రాము మనిషి చదివే రచన కాదనీ, యంత్రభాగం వంటిదనీ, దానికి కాపీహక్కు వర్తించదనీ వాదించింది.

క్రింది న్యాయస్థానం ఆపిల్ కోరిన తాత్కాలిక నిషేధాన్ని ఇవ్వలేదు. 1983 ఆగస్టు 30న అమెరికా మూడవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చింది. ప్రోగ్రాము డిస్కుపై ఉన్నా చిప్‌లో ఉన్నా, మనిషి చదవగలిగినా యంత్రమే చదవగలిగినా, అది రచనయేనని తేల్చింది. ఆపిల్-2తో పొత్తు కుదరాలన్న కోరిక వ్యాపార లక్ష్యమే తప్ప నకలుకు సాకు కాజాలదని కూడా చెప్పింది. 1984 జనవరిలో ఫ్రాంక్లిన్ 25 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడింది. నేటి సాఫ్టువేరు కాపీహక్కు చట్టానికి ఈ తీర్పు ఒక పునాదిరాయి.

తీర్పు క్లోన్లన్నిటినీ నిషేధించలేదని గమనించాలి. హాంగ్‌కాంగ్‌కు చెందిన వీటెక్ సంస్థ ఆపిల్-2 ప్రోగ్రామును సొంతంగా వ్రాసుకొని, బేసిక్ భాషకు మైక్రోసాఫ్ట్ నుండి లైసెన్సు తీసుకొని, లేజర్ 128 అనే క్లోనును తయారు చేసింది. ఆపిల్ దానిని ఆపలేకపోయింది.

మాకింటోష్‌లోని చిక్కు

1984 జనవరి 24న మాకింటోష్ విడుదలైనది. ధర 2,495 డాలర్లు. దీనిలో 64 కిలోబైట్ల రోమ్ చిప్ ఉండేది. తెరపై కిటికీలు గీయడం, మెనూలు తెరవడం, మౌస్ కదలికను గుర్తించడం మొదలైన పనులన్నీ ఈ చిప్‌లోని ప్రోగ్రాములే చూసేవి. ఐబీఎం బయాస్ ద్వారపాలకుని వంటిదైతే మాకింటోష్ రోమ్ ఇంట్లో సగం. దీనిని చూడకుండా తిరిగి వ్రాయడం ఎంతో కష్టమైన పని.

కొలరాడో రాష్ట్రానికి చెందిన ఔట్‌బౌండ్ అనే సంస్థ 1989లో చేసిన లాప్‌టాప్ ఇందుకు ఒక వింత పరిష్కారం చూపింది. కొన్నవాడు తన పాత మాకింటోష్ నుండి రోమ్ చిప్పులు ఊడదీసి ఇందులో పెట్టుకోవాలి. చట్టానికి లోబడిన మార్గమే, కానీ క్లోను కొనాలంటే ముందు అసలుది కొని ఉండాలి! బ్రెజిల్‌లో యూనిట్రాన్ అనే సంస్థ మాకింటోష్‌కు నకలు రూపొందించగా, ఆపిల్ అభ్యంతరాలు, అమెరికా ప్రభుత్వ ఒత్తిడి మధ్య ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు.

ఇదిలా ఉండగా 1985 జూన్‌లో బిల్ గేట్స్ ఆపిల్ అధిపతి జాన్ స్కల్లీకి ఒక లేఖ వ్రాసి, మాకింటోష్‌ను ఇతర సంస్థలకు లైసెన్సు ఇవ్వవలసిందని సలహా చెప్పాడు. ఆపిల్ దానిని పాటించలేదు. అదే సంవత్సరం నవంబరులో విండోస్ మొదటి వెర్షను వెలువడింది.

లైసెన్సు పొందిన క్లోన్లు (1995-1997)

పదేళ్ళ తరువాత విండోస్ విస్తరిస్తుండగా మైఖేల్ స్పిండ్లర్ నాయకత్వంలో ఆపిల్ తన నిర్ణయాన్ని మార్చుకున్నది. స్టీఫెన్ కాంగ్ స్థాపించిన పవర్ కంప్యూటింగ్ సంస్థకు 1994 చివరలో మొదటి లైసెన్సు లభించగా, 1995లో దాని యంత్రాలు బజారులోకి వచ్చాయి. రేడియస్, డేస్టార్, యూమాక్స్, మోటరోలా సంస్థలు కూడా ఈ బాట పట్టాయి. డేస్టార్ వారు ఒకే పెట్టెలో నాలుగు ప్రాసెసర్ల వరకు అమర్చి ఛాయాచిత్రాల పనిచేసే వారిని ఆకర్షించారు.

ఆపిల్ లెక్క ఏమిటంటే, క్లోన్లు ఇంతవరకు మాకింటోష్ వాడని వారిని తీసుకువస్తాయని. జరిగినది వేరు. పవర్ కంప్యూటింగ్ కొత్త ప్రాసెసర్లను ఆపిల్ కంటే ముందే తన యంత్రాలలో పెట్టి, తక్కువ ధరకు అమ్మి, ఆపిల్‌కు ఎక్కువ లాభం తెచ్చే పాత ఖాతాదారులనే తన వైపు త్రిప్పుకొన్నది. ఒక్కొక్క యంత్రంపై ఆపిల్‌కు వచ్చే లైసెన్సు రుసుము, పోయిన లాభంతో పోల్చితే స్వల్పం. 1996 ఆర్థిక సంవత్సరంలో ఆపిల్ నష్టం 81 కోట్ల 60 లక్షల డాలర్లు. 1997లో అది వంద కోట్లు దాటింది. నష్టాలన్నిటికీ క్లోన్లే కారణమనడం సరికాదు. ఆపిల్ స్వయంకృతాపరాధాలు అప్పటికే చాలా ఉన్నాయి. అయితే మునుగుతున్న పడవకు ఇది మరొక చిల్లు అయిందనడంలో సందేహం లేదు.

కొనుగోలుదారుని వైపు నుండి చూస్తే ఈ రెండేళ్ళు మంచి కాలం. ఒకే నిర్వహణ వ్యవస్థ కొరకు నాలుగైదు సంస్థలు పోటీ పడ్డాయి, వేగం పెరిగింది, ధర తగ్గింది. అనుమతి ఉన్నది గనుక చట్టపు భయం లేదు. ఇంత నిశ్చింతగా కొన్నవారికి కూడా చివరకు చుక్కెదురైనది. 1997లో తిరిగి వచ్చిన స్టీవ్ జాబ్స్ లైసెన్సులకు ముగింపు పలికాడు. ఆ ఒప్పందాలు నిర్వహణ వ్యవస్థ 7వ వెర్షనుకే వర్తించేవి. 1997 జూలైలో వచ్చిన కొత్త వెర్షనుకు ఆపిల్ 8 అని అంకె వేసింది. సెప్టెంబరులో పవర్ కంప్యూటింగ్ వారి మాకింటోష్ వ్యాపారాన్ని పది కోట్ల డాలర్ల విలువైన వాటాలిచ్చి కొని మూసివేసింది. యూమాక్స్ లైసెన్సు మరికొంత కాలం, 1998 వరకు నిలిచింది.

సైస్టార్ వివాదం

2005 జూన్‌లో జాబ్స్ ఇంటెల్ ప్రాసెసర్లకు మారుతున్నట్లు ప్రకటించగా, 2006 జనవరిలో మొదటి ఇంటెల్ ఐమాక్ వచ్చింది. దీనితో మాకింటోష్ లోపలి భాగాలకూ సాధారణ పీసీ భాగాలకూ భేదం చాలావరకు పోయింది. మిగిలిన గోడ సాఫ్టువేరులో ఉన్నది. మాక్ ఓఎస్ టెన్‌లోని కొన్ని ముఖ్యమైన భాగాలను ఆపిల్ తాళం వేసి ఉంచింది. ఆ తాళపుచెవి ఆపిల్ యంత్రంలోని ఒక చిప్‌లో ఉండేది. "దొంగిలించవద్దు" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న కాపలా ప్రోగ్రాము కూడా ఉండేది. లైసెన్సు పత్రంలో, ఈ వ్యవస్థను ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటరుపై మాత్రమే స్థాపించాలన్న నిబంధన ఉన్నది. (ఆపిల్ పరికరాల పెట్టెలో వచ్చే ఆపిల్ గుర్తు స్టిక్కరును పీసీకి అంటిస్తే ముద్ర ఉన్నట్లే కదా అని కొందరు చమత్కరించేవారు. న్యాయస్థానంలో నిలిచే వాదన కాదది.)

2008 ఏప్రిల్‌లో ఫ్లోరిడాకు చెందిన సైస్టార్ అనే చిన్న సంస్థ 399 డాలర్లకు ఒక కంప్యూటరును ప్రకటించింది. మాక్ ఓఎస్ టెన్ లెపర్డ్ ఎక్కించి ఇస్తే సుమారు 555 డాలర్లు. అప్పట్లో ఆపిల్ వారి అతి చవకైన మాక్ మినీ 599 డాలర్లు. కేవలం నలభై నాలుగు డాలర్ల తేడాకు ఇంత వివాదమా అనిపించవచ్చు. కానీ సైస్టార్ పెట్టెలో జ్ఞాపకశక్తి, డిస్కు ఎక్కువ. పైగా మూత తెరిచి కార్డులు మార్చుకోవచ్చు. ఆపిల్ వద్ద అటువంటిది కావాలంటే రెండు వేల డాలర్లు దాటిన మాక్ ప్రో ఒక్కటే గతి. మధ్యస్థమైన ధరలో, తెర విడిగా ఉండి, విప్పి మార్చుకోదగిన మాకింటోష్‌ను ఆపిల్ చేయలేదు. క్లోన్లవైపు మొగ్గినవారిలో చాలామంది కోరినది చవక యంత్రం కాదు, ఆపిల్ అమ్మని ఈ యంత్రాన్నే.

2008 జూలైలో ఆపిల్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయస్థానంలో వ్యాజ్యం వేసింది. సైస్టార్ వాదన సామాన్యునికి సబబుగానే తోస్తుంది: ప్రతి యంత్రానికీ ఒక లెపర్డ్ డిస్కును డబ్బు పెట్టి కొంటున్నాము, కొన్న వస్తువును ఎలా వాడుకోవాలో అమ్మినవాడు శాసించడం ఏమిటి? పుస్తకం కొన్నవాడు దానిని ఏ బల్లపై పెట్టుకొని చదివితే ప్రచురణకర్తకేమి?

న్యాయమూర్తి విలియం ఆల్సప్ 2009 నవంబరు 13న ఇచ్చిన తీర్పు ఈ ఉపమానం ఎక్కడ చెదురుతుందో చూపింది. సైస్టార్ కొన్న డిస్కులను తెరవనేలేదని కాదు సమస్య. అది ఒక ప్రతిని మాక్ మినీపై స్థాపించి, దానిని వేరొక పీసీకి తరలించి, ఆపిల్ కాపలా ప్రోగ్రాములను తొలగించి, సొంత ప్రోగ్రాములను చేర్చి, ఆ మార్చిన మూలప్రతి నుండి అమ్మే యంత్రాలన్నిటికీ నకళ్ళు తీసింది. పుస్తకం కొనడం వేరు, దానిని దిద్ది తిరిగి అచ్చువేసి అమ్మడం వేరు. కాపీహక్కు ఉల్లంఘన, తాళాలు ఛేదించడం రెండూ రుజువైనట్లు తీర్పు వెలువడింది. అంతకు ముందే, ఆపిల్‌ది గుత్తాధిపత్యమన్న సైస్టార్ ఎదురు ఫిర్యాదును కూడా న్యాయస్థానం కొట్టివేసింది. ఒకే సంస్థ వస్తువును ప్రత్యేకమైన మార్కెట్టుగా పరిగణించలేమన్నది. రాజీలో సైస్టార్ సుమారు 27 లక్షల డాలర్లకు బాధ్యత వహించింది. డిసెంబరులో శాశ్వత నిషేధం వచ్చింది. 2011లో తొమ్మిదవ సర్క్యూట్ ఉల్లంఘన తీర్పును సమర్థించగా, 2012లో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించింది.

కొనుగోలుదారుని లెక్క

చట్టం సంగతి తేలినా, ఇంట్లో సొంతానికి కూర్చుకొనే హాకింటోష్ కొనసాగింది. లైసెన్సు నిబంధనకు ఇదీ విరుద్ధమే. అయితే ఆపిల్ తన వ్యాజ్యాన్ని అమ్మేవారిపైనే నడిపింది. ఒక విద్యార్థి దృష్టిలో దీని ఆకర్షణను కాదనలేము. అదే డబ్బుకు రెట్టింపు వేగం, భాగాలను ఒక్కొక్కటిగా మార్చుకొనే వీలు, అన్నిటికీ మించి యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో నేర్చుకొనే అవకాశం. క్లోవర్, ఆ తరువాత ఓపెన్‌కోర్ అనే ప్రారంభ ప్రోగ్రాములు సాధారణ పీసీని ఆపిల్ యంత్రంగా నిర్వహణ వ్యవస్థకు చూపించేవి. వీటిని వ్రాసిన వారి పాండిత్యం తక్కువది కాదు.

ఖర్చు లెక్క వేసేటప్పుడు చాలామంది మరచేది నవీకరణల సంగతి. మామూలు పీసీలో నవీకరణ వచ్చిందంటే మీట నొక్కి టీ త్రాగి వస్తే సరిపోతుంది. హాకింటోష్‌లో ప్రతి నవీకరణా ఒక పరీక్ష. రెండు సంఘటనలు చాలు. 2008-2009లలో డెల్ మినీ 9 వంటి చిన్న నెట్‌బుక్‌లపై మాక్ ఓఎస్ ఎక్కించుకోవడం విస్తృతంగా సాగింది. 2009 నవంబరులో వచ్చిన 10.6.2 నవీకరణ వాటిలోని ఆటమ్ ప్రాసెసరును గుర్తించడం మానివేసింది. ఆపిల్ ఆ ప్రాసెసరుతో కంప్యూటరు చేయలేదు కనుక ఎవరికీ జవాబు చెప్పవలసిన పని లేదు. మరల 2018లో మొజావే వెర్షను వచ్చినప్పుడు, ఎన్‌విడియా వారి కొత్త గ్రాఫిక్స్ కార్డులకు డ్రైవర్లు రాలేదు. ఆ ఖరీదైన కార్డులు పెట్టుకొన్న వీడియో కూర్పరులు పాత వెర్షనులోనే ఆగిపోవడమో, కార్డు మార్చడమో చేయవలసి వచ్చింది. ఇటువంటి యంత్రం రెండవ కంప్యూటరుగా వినోదం, జీవనాధారమైన ఏకైక కంప్యూటరుగా ప్రమాదం.

ఆపిల్ వద్ద కొన్నవారు నిశ్చింతగా ఉన్నారని చెప్పడానికి కూడా లేదు. 129 డాలర్ల లెపర్డ్ డిస్కు ధర, కొన్నవాడు యంత్రం ద్వారా ముందే అసలు సొమ్ము చెల్లించాడన్న లెక్కతో పెట్టినదని ఆపిల్ సమర్థకులు చెప్పేవారు. అది నిజమే కావచ్చు. కానీ అదే లెక్కతో ఆపిల్ జ్ఞాపకశక్తి, డిస్కులకు బజారు ధర కంటే ఎంతో ఎక్కువ తీసుకొనేది. తరువాతి నమూనాలలో వాటిని బోర్డుకే అతికించి మార్చుకొనే వీలు లేకుండా చేసింది. వారంటీ దాటిన యంత్రం చెడితే బాగుచేయించడం కంటే కొత్తది కొనడమే మేలనిపించే స్థితి వచ్చింది. అసలు తయారీదారు ఇచ్చే భరోసాకు కూడా గడువు ఉంటుంది.

తెలుగు వాడుకరులకు మరొక సంగతి ఉండేది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చి తెలుగు చదవడం, వ్రాయడం సాధ్యమైనప్పటికీ, మాక్ ఓఎస్‌లో తెలుగు ఖతులు 2011 నాటి లయన్ వెర్షనుతో గానీ రాలేదు. కనుక సైస్టార్ కాలంలో క్లోనైనా అసలైనా, తెలుగులో పనిచేసేవారికి మాకింటోష్ అంతగా అక్కరకు రాలేదు.

ఆపిల్ సొంత ప్రాసెసర్ల తరువాత

2020 జూన్‌లో ఆపిల్ ఇంటెల్‌ను విడిచి సొంత ప్రాసెసర్లకు మారుతున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం నవంబరులో ఎం1 చిప్‌తో మొదటి యంత్రాలు వచ్చాయి. ఈ చిప్పులను ఆపిల్ విడిగా అమ్మదు. ఏ దుకాణంలోనూ దొరకని భాగంతో క్లోను కూర్చడం ఎవరికీ సాధ్యం కాదు. న్యాయస్థానంలో నాలుగేళ్ళు సాగిన వివాదాన్ని ఒక చిప్ అడ్డంకిగా మార్చివేసింది. ధర వాదన కూడా కొంత పలుచబడింది: 2024లో వచ్చిన ఎం4 మాక్ మినీ ప్రారంభ ధర, 2008లో వలెనే 599 డాలర్లు.

2025 సెప్టెంబరులో విడుదలైన మాక్ ఓఎస్ 26 టహో, ఇంటెల్ ప్రాసెసర్లపై నడిచే చివరి వెర్షనని ఆపిల్ ఆ ఏడాది జూన్‌లోనే ప్రకటించింది. అప్పటికి వాడుకలో మిగిలిన హాకింటోష్‌లకూ, అసలు ధర చెల్లించి కొన్న ఇంటెల్ మాకింటోష్‌లకూ కొత్త వెర్షనులు ఒకేసారి ఆగిపోతాయి.